గంప కింద మూడు రోజులు

కుక్కపిల్లను మంద కుక్కలకు అలవాటు చెయ్యాలంటే మూడు రోజులు పడుతుందని గొర్రెల కాపరి నాకు ముందే చెప్పాడు. మూడు రోజులు పెద్ద గడువేమీ కాదు. కానీ ఆ పూట నాకు అంత తీరిక లేదనిపించింది. తీరిక లేదన్నది అబద్ధం. ఒక కాపరి చెబితే నేను వినడమేమిటన్నది నిజం. ఆ మాట నాకు నేను ఒప్పుకోవడానికే చాలా ఏళ్లు పట్టింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆళ్లగడ్డకు కూతవేటు దూరంలో మా ఊరు. నల్లరేగడి పొలం, పత్తి పంట. ఆ ఏడు చివరి తీతలు సాగుతున్నాయి. వారానికి రెండు మూడు సార్లు నంద్యాల పోయి రావలసి వచ్చేది. తెల్లవారకముందే లేచి బస్సెక్కడం, పత్తి మిల్లు గేటు ముందు బండ్ల వరుసలో ఎండకు నిలబడటం, మధ్యాహ్నం దాటాక ఎవరో ఒకరు వచ్చి పత్తిలో చెయ్యి పెట్టి పెదవి విరిస్తే నోరు మూసుకుని వినడం, పొద్దు వాలాక మళ్లీ బస్సు. ముప్పయ్యయిదేళ్లు కూడా లేవు నాకు. అయినా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. చెప్పులు విడవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. మిల్లు దగ్గర తల వంచుకుని మింగిన మాటలన్నీ ఊళ్లో నా కింద పని చేసేవాళ్ల మీద కక్కేవాణ్ణి. జరిగినదానికి ఆ అలసటే కారణమని చాలాకాలం చెప్పుకుంటూ వచ్చాను.

చేన్లో మాకు ఒక కొట్టం, దాని పక్కన చొప్ప వామి ఉండేవి. కాపలా ఉన్న ముసలి కుక్క ఆ చలికాలం చచ్చిపోయింది. కొండల నుంచి అడవిపందులు దిగి పక్క చేలల్లో వేరుశనగ తవ్వుకుపోతున్నాయి. కుక్క కావాలని నంద్యాలలో నలుగురికీ చెప్పి పెట్టాను. రైల్వే క్వార్టర్సులో ఒక గార్డుకు బదిలీ అయింది. ఆయన పెంచుకుంటున్న కుక్క రెండు నెలల కింద పిల్లలు పెట్టింది. వాటిలో ఒకటి, తెల్లది, పొడుగు కాళ్లది, నాకిచ్చాడు. గోనె సంచిలో వేసుకుని, మూతి బయటికి పెట్టి, బస్సెక్కాను.

"ఏందప్పా, ఆ సంచి మూలుగుతాంది?" అన్నాడు కండక్టరు.

"కుక్కపిల్ల."

"దానికి అర టికెట్టు కొట్టాల్నా, పూర్తిదా?"

"అది నీకంటే బుద్ధిగా కూచున్యాది, ఇడిసిపెట్టన్నా," అంది వెనక సీట్లో ఒకామె. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. నాకు తల పగిలిపోతోంది.

ఇంటికి తెచ్చాక మా ఆవిడ దాని ఒళ్లంతా వెతికి గోమార్లు ఏరేసింది. కుంకుడు రసంతో రెండుసార్లు తోమింది. తడి ఆరాక సాంబ్రాణి పొగ పట్టి, మెడకు నల్లదారం కట్టింది. పాలు తాగి అది వంటింటి గడప మీద పడుకుంది. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత మా ఆవిడ నవ్వడం విన్నాను.

మరుసటి రోజు సాయంత్రం కాపరి వచ్చాడు. పంట తీసిన చేన్లో రాత్రిళ్లు గొర్రెల మందను నిలిపితే భూమికి ఎరువు దక్కుతుంది, కాపరికి గింజలు దక్కుతాయి. మా వైపు మంద కట్టడమంటారు దాన్ని. ఈయన ఆరేళ్లుగా మా చేన్లోనే కడుతున్నాడు. మందను ఏ వైపుకు జరపమంటావని అడగడానికి వచ్చి, అరుగు కింద గొంతుక్కూర్చున్నాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను ఆయన్ని "ఏమిరా" అనే పిలిచేవాణ్ణి. మా నాయన పిలిచేవాడు, నేనూ పిలిచేవాణ్ణి. ఆయన నన్ను "అప్పా" అనేవాడు.

కుక్కపిల్లను చూసి దాని కాలి వేళ్లు పట్టుకుని నొక్కాడు. "మంచి జాతి. యాడ కట్టేస్తావప్పా దీన్ని?"

"చేన్లో. కొట్టం కాడ."

"అట్లయితే మా కుక్కలకు చూపియ్యాల. ఊరికే తెచ్చి ముందర నిలబెడితే కాదు. సాంబ్రాణి వాసన కొడతాంది ఇది. మా కుక్కలకు సాంబ్రాణి యాడ తెలుసు?" అని, చెయ్యి తన పంచెకు తుడుచుకున్నాడు. "మూడు దినాలు మా కాడ పెట్టు. గొర్రెపిల్లల్ని కమ్మే గంప ఉంది కదా, దాని కింద పిల్లల పక్కనే పండుకుంటాది. కుక్కలు గంప సందుల్లో మూతి పెట్టి వాసన చూసి పోతాయి. మొదటి దినం అరుస్తాయి. రెండో దినం ఊరకుంటాయి. మూడో దినం గంప ఎత్తినా వాటికి పట్టదు."

"మూడు దినాలు గంప కింద కమ్మేదానికి ఇదేమన్నా గొర్రెపిల్లనా?"

"గొర్రెపిల్ల అనుకుంటేనే కదప్పా, అవి దీన్ని కాచేది."

ఆ మాట ఎంత బాగుందో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఇంటి ముందర కూర్చుని నాకు పాఠం చెబుతున్నాడనిపించింది. "సరే పోరా, నేను చూసుకుంటా," అన్నాను. ఆయన లేచి తలగుడ్డ సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ మరుసటి ఉదయం నంద్యాల పోవలసిన పని లేదు. కుక్కపిల్లను తీసుకుని చేనికి పోయాను. దాన్ని నేల మీద నడిపించుకుపోతే అది ప్రతి తుప్ప దగ్గరా ఆగుతుంది, దాని వెనక నేను ఆగాలి. పత్తి తీసే ఆడవాళ్లు చూస్తారు. అందుకని కొత్త కండువాలో చుట్టి ఎడమ చేత్తో రొమ్ముకు ఎత్తుకున్నాను. కుడి చేతిలో మా నాయన వాడిన దుడ్డుకర్ర. అడుగున ఇనుప పొన్ను ఉంటుంది దానికి.

నేను పోయిన వేళ కూడా చెడ్డదే. గొర్రెలింకా ముళ్లకంప దడి లోపలే ఉన్నాయి. కాపరి భార్య గంపలెత్తి పిల్లల్ని తల్లుల దగ్గరికి పాలకు వదులుతోంది. పిల్లలు బయట ఉన్నప్పుడు మంద కుక్కలు గాలిని కూడా నమ్మవు. మూడు కుక్కలుండేవి వాళ్లకు. ఒకటి ముసలి ఆడది, ఒకటి ఇంకా పని నేర్వని కుర్రది. మూడోది మందకు పెద్ద. గోధుమ రంగు, దూలమంత వీపు. చిరుత గొంతు పట్టకుండా దాని మెడకు ఇనుప ముళ్ల పట్టెడ ఉండేది. అహోబిలం కొండల అడుగున అది రెండుసార్లు చిరుతకు ఎదురు నిలిచిందని కాపరి చెప్పేవాడు. అది మొరిగేది తక్కువ. లేచి నిలబడితే చాలు.

నన్ను చూసి లేచి నిలబడింది. ఆరేళ్లుగా నన్ను ఎరిగిన కుక్క. కానీ నా రొమ్ము మీద ఏదో కదులుతోంది, కుయ్యిమంటోంది, దానికి తెలియని వాసన వేస్తోంది. రెండడుగులు ముందుకు వచ్చి, ఎగిరింది.

"దించప్పా! కిందికి దించు!" కాపరి దడి అవతల నుంచి పరిగెత్తుతూ అరిచాడు. "ఎత్తి పట్టుకుంటే ఎగురుతాయి! నేలన పెట్టి నువ్వెనక్కి రా! కట్టె పారెయ్యి!"

దించవచ్చు. ఆ క్షణంలో దించి ఉంటే ఏమీ జరిగేది కాదు. కుక్కపిల్ల వెల్లకిలా పడి పొట్ట చూపించేది, ఆ పెద్దది వాసన చూసి వదిలేసేది. కానీ నేను దాన్ని ఇంకా పైకి, భుజం మీదికి ఎత్తాను. పత్తి సాళ్లలోంచి ఎవరో నవ్వారు.

"అప్పకు కుక్కలు కొత్త ఆట నేర్పిస్తాండాయే!"

ఆ నవ్వు నాకు వినిపించింది. కాపరి "పారెయ్యి, పారెయ్యి" అంటున్నది కూడా వినిపించింది. అందరి ముందర నన్ను "పారెయ్యి" అంటున్నాడు. కుక్క మళ్లీ ఎగిరి కండువా కొసను పట్టుకుంది. నేను కర్ర తిప్పి కొట్టాను. మొదటి దెబ్బ దాని వీపుకు తగిలింది, కండువా వదిలేసింది. అది వదిలేశాక రెండో దెబ్బ కొట్టాను. ముందరి కాలికి తగిలింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు.

అది ఒకే ఒక్కసారి అరిచింది. తర్వాత మూడు కాళ్ల మీద వెనక్కి పోయి, మళ్లీ గొర్రెపిల్లల ముందే, నాకు ఎదురుగానే నిలబడింది.

కాపరి దాని దగ్గర కూలబడి కాలు చేతిలోకి తీసుకున్నాడు. నా వైపు చూడలేదు. ఆయన భార్య వచ్చింది.

"నీ కుక్కపిల్లకు ఏమైందప్పా? చూపియ్యి."

"మీదికొచ్చి కరిచింది మీ కుక్క," అన్నాను.

"యాడ కరిచింది? చూపియ్యమంటాండా."

కుక్కపిల్ల నా చంకలో ఉచ్చపోసి వణుకుతోంది. దాని ఒంటి మీద గీత కూడా లేదు.

"కండువా చినిగింది," అందామె. "దానికి కాలిరిగింది."

నేను వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను.

ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. సాయంత్రం పత్తి తీసే ఆడవాళ్లు మా ఆవిడకు చెప్పారు. ఆమె అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"మంద కుక్క కాలిరగ్గొట్టినావంట."

"మీదికొచ్చింది."

"మీదికొచ్చేదానికే కదా వాళ్లు దాన్ని పెట్టుకున్యాది."

పళ్లెంలో చెయ్యి కడుక్కుని లేచాను. ఆ మాట కూడా ఆమె కోపంగా అనలేదు. నాతో వాదించీ వాదించీ ఆమె కూడా అప్పటికే అలసిపోయి ఉంది.

వాళ్లకు ఆ కుక్క అంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. ఉగాది దాటాక చేలల్లో మేత ఉండదు. మందను కొండల అడుగుకు తోలుకుపోవాలి. అక్కడ చిరుతలున్నాయి. ముసలి ఆడకుక్క మొరగడానికే పనికొస్తుంది, కుర్రది మొరిగి పారిపోతుంది. నిలబడేది అదొక్కటే. అది లేకుండా కొండకు పోతే ఆ మందలో ఎన్ని వెనక్కి వస్తాయో చెప్పలేం. పోకపోతే గొర్రెలకు గడ్డి లేదు. ఉగాదికి ఇంకా నెల కూడా లేదు.

కాపరి వెదురు బద్దలు చీల్చి, కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి, కాలికి కట్టు కట్టాడు. నేను జీతగాడితో ఒక బస్తా జొన్నలు పంపాను. బస్తా తిరిగొచ్చింది. "గింజలెందుకు, కాలు పంపమను," అందట కాపరి భార్య. జీతగాడు ఆ మాట నాకు చెబుతూ నేల చూశాడు.

నాలుగో రోజు కాపరే వచ్చాడు. ఎప్పటిలాగే అరుగు కింద కూర్చున్నాడు.

"కట్టు నిలిచినా అది మునుపటి మాదిరి ఉరకదప్పా. ఆ పిల్లనియ్యి. ఇప్పట్నించి గొర్రెల్లో పెరిగితే వచ్చే ఏడుకన్నా పనికొస్తాది. అంతవరకూ మేమెట్లో చూసుకుంటాం."

కోపం లేదు, ఏడుపు లేదు. కుక్కకు బదులు కుక్క. ఎవరైనా న్యాయమే అంటారు. నేను "చూద్దాం లే" అన్నాను. ఇవ్వడం ఇష్టం లేక కాదు. అడగ్గానే ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. మా ఆవిడ ఆ రాత్రే కుక్కపిల్ల మెడలో నల్లదారం విప్పి గూట్లో పెట్టింది. ఇస్తానని నేననలేదు. ఆమెకు తెలుసు. మరో రెండు రోజులు ఊరికే గడిపాక, దాన్ని తీసుకుని మంద దగ్గరికి పోయాను.

అక్కడ నేనన్న మాట ఇది: "ఇది ఇంట్లో అన్నీ కొరికి పెడతాంది. మా ఇంటామె పడలేకుంటాంది. తీసుకోపో, ఊరికే ఇస్తాండా."

ఊరికే ఇస్తున్నాను! కాలు విరిచిన సంగతే లేనట్టు, దానం చేస్తున్నట్టు. దుడ్డుకర్ర దెబ్బ కోపంలో పడిందని సర్ది చెప్పుకోవచ్చు. ఈ మాట మాత్రం దారి పొడుగునా ఆలోచించుకుని అన్నాను. కాపరి నా మొహంలోకి చూశాడు. "సరేప్పా," అని కుక్కపిల్లను అందుకున్నాడు.

కాపరి భార్య దాన్ని మందలోకి తీసుకుపోయి, పెంట దుమ్ములో అటూ ఇటూ దొర్లించింది. సాంబ్రాణి ఎప్పుడో పోయింది, కానీ ఇంటి వాసన ఉంది. ఒక గొర్రె పొదుగు పిండి ఆ పాలు దాని నెత్తికీ వీపుకూ రాసింది. రెండు గొర్రెపిల్లల పక్కన నేల మీద పెట్టి, పైన గంప కమ్మింది.

ఆ మూడు రోజులూ నేను చేనికి పోయాను. రోజుకో సాకు చెప్పుకుని పోయాను. గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి. మొదటి రోజు కుర్ర కుక్క గంప చుట్టూ తిరిగి గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. ముసలి ఆడది వచ్చి సందులో మూతి పెట్టి, తుమ్మి పోయింది. రెండో రోజు కుర్రది దూరంగా పడుకుని గంపను చూస్తూ ఉంది. పెద్ద కుక్క రెండు రోజులూ దగ్గరికే రాలేదు. కట్టు కట్టిన కాలు చాపుకుని దడి పక్కన పడుకునే ఉంది. నేను కదిలినప్పుడల్లా తల ఎత్తేది.

"ఏందప్పా, దినామూ వస్తాండావు? నీ కుక్కపిల్లను మేం వండుకు తింటామనుకున్యావా?" అంది కాపరి భార్య.

"చేను చూసుకునేదానికి వచ్చినా."

"చూసుకో, చూసుకో. చేను యాడికీ పోదులే."

మూడో రోజు పొద్దెక్కాక పెద్ద కుక్క లేచింది. మూడు కాళ్ల మీద కుంటుతూ వచ్చి గంప పక్కన నిలబడింది. సందుల వెంట ముక్కు పెట్టి ఒక చుట్టు తిరిగింది. తిరగడానికి చాలాసేపు పట్టింది దానికి. తర్వాత గంపకు ఆనుకుని పడుకుంది. కాపరి మెల్లగా వచ్చి గంప ఎత్తాడు. గొర్రెపిల్లలు రెండూ ఎగురుకుంటూ పోయాయి. కుక్కపిల్ల పొట్ట నేలకు ఆనించి పాకుతూ పోయి పెద్దదాని మూతి నాకింది. అది ఒకసారి గుర్రుమంది. పిల్ల వెల్లకిలా పడింది. పెద్దది దాని పొట్ట వాసన చూసి, తల పక్కకు పెట్టి కళ్లు మూసుకుంది. అంతే.

ఆ పూట చెప్పవలసిన మాట నా నోటిదాకా వచ్చింది. "బాగానే కలిసినాయే," అని మాత్రం అన్నాను.

"కలుస్తాయప్పా," అన్నాడు కాపరి. "ఆ కాస్త ఓపిక పడితే."

ఉగాది దాటిన వారానికి వాళ్లు కొండల వైపు పోయారు. మరుసటి ఏడు మా చేన్లో మంద కట్టలేదు. ఆ పైయేడూ రాలేదు. ఇంకొకరి చేన్లలో కడుతున్నారని విన్నాను. నేను పోయి అడగలేదు.

తర్వాత ఒక మాఘమాసంలో నంద్యాల నుంచి వస్తున్నాను. కాలువ వంతెన దగ్గర బస్సు ఆగింది. గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. మంద ముందర తెల్లటి కుక్క, పొడుగు కాళ్లు. కాపరిని గుర్తుపట్టి బస్సు దిగాను. ఆయన బాగా చిక్కిపోయాడు. పెద్ద కుక్క ఎక్కడా కనిపించలేదు.

"పెద్దది యాడ?" అని అడిగాను.

"ఆ ఏడు ఎండాకాలమే చిరుత పట్టె," అన్నాడు గొర్రెల్నే చూస్తూ. "కాలు ఆనక ఎనకబడె. ఇది అప్పటికింకా చిన్నది. గొర్లు కూడా శానా పోయినాయి."

బస్సు హారను కొట్టింది. నేను కదల్లేదు.

"తప్పు నాది, మామా," అన్నాను. ఆయన్ని ఆ వరసతో పిలవడం అదే మొదలు.

ఆయన నా వైపు తిరిగాడు. "ఔ," అన్నాడు.

వెనకబడిన ఒక గొర్రెను అదిలించాడు.

"ఈ ఏడు మా చేన్లో కట్టు మామా."

"కట్టమప్పా. కోపంతో కాదు. ఈ కుక్క కొత్తోళ్లను మంద కాడికి రానియ్యదు. నువ్వు మళ్లా కట్టె ఎత్తుతావు."

ఎత్తనని చెప్పాలి. చెప్పబోయాను. మందకూ నాకూ మధ్య నిలబడి ఉన్న తెల్ల కుక్క అప్పుడే నా వైపు ఒక అడుగు వేసింది. కాపరి చూపు నా మొహం మీద లేదు, పక్కకు పోయింది. ఆయన చూస్తున్న వైపు నేనూ చూశాను. నా కుడి చెయ్యి భుజం దాకా లేచి ఉంది. చేతిలో ఏమీ లేదు, అయినా లేచి ఉంది.

"బస్సెక్కప్పా," అన్నాడాయన, మెత్తగానే. "నీ కోసం నిలబడి ఉండారు."